పిచ్చుకమ్మ కాపురము

పక్షులయందు మాకు గల ప్రీతి మా వీధివారందఱు నెఱిగినదే. ఆ ప్రీతికి బదులుగా పక్షులు మాకు చూపుచున్న మర్యాద యెట్టిదో మాత్రము మాకే యెఱుక.

మొదట చిలుకలు. పెరటి జామకాయల నవి తినుట మాకు సమ్మతమే. కాని యొక్క కాయనైనను పూర్తిగా తినక, కొఱికి పడవైచి వేఱొకదానికి పోవుచున్నవి. చిలుక కొట్టిన కాయ తీపి యందురు. చెట్టున నున్నవన్నియు కొట్టి నేలపాలు చేసినచో నా తీపి నెవరు తినవలెను?

తరువాత కాకి. మామగారి యాబ్దికమునాడు పిండమును గోడపై నుంచి పిలిచి పిలిచి మా గొంతు లెండినవి. ఇంటిల్లిపాదియు నాకలితో నాకాశమువంక చూచుచుండ, ఒక్క కాకియు తొంగిచూడలేదు. మఱునాడు డాబాపై గుమ్మడి వడియములు పెట్టి, నల్లగుడ్డ కట్టిన కఱ్ఱ నిలిపి, క్రిందికి దిగి చేయి కడుగుకొనులోపల పిలువకయే యెనిమిది కాకులు వచ్చినవి! ఇంతటి గడుసుకాకియు కోకిలచేత మోసపోవును. కోకిల తన గ్రుడ్డును కాకిగూటిలో పెట్టిపోగా, కాకి దానిని పొదిగి, పుట్టిన పిల్లకు మేత పెట్టును. ఇది తలచుకొన్నప్పుడెల్ల మా వడియముల దుఃఖము కొంత తీరును.

ఇక పిచ్చుకల మాట. వానికై సంక్రాంతికి వసారాలో వరికంకుల కుచ్చు వ్రేలాడగట్టి, ప్రక్కనే చక్కని కొయ్యపెట్టె నొకటి గోడకు కొట్టించితిమి. గింజలు తిన్నవి, పెట్టెవంక చూడనైన లేదు. నడుమ గదిలో గోడనున్న అద్దమున తన నీడను చూచి, పరాయి మగపిచ్చుక యనుకొని, నల్లగొంతు మగడు దినమెల్ల పోరాడెను. అద్దమునకు తెర కట్టితిమి. నాటినుండి బొట్టు పెట్టుకొనవలెనన్నను తెర తీయవలసివచ్చెను. కడకు మే నెలలో నా దంపతులు కాపురమునకు కోరుకొన్న చోటేది? ఆ గదిలోని కరెంటు పంకాపైనున్న గిన్నె!

గడ్డిపోచలు, దారములు, మా చీపురుపుల్లలు నేలనిండ రాలెను. ఊడ్చితిమి, మఱల తెచ్చినవి. "ఇది ఇల్లా, అడవా?" యని అత్తగారు విసుగుకొనిరి. నాలుగవనాడు నిచ్చెనవేసి చూడగా లోపల మూడు గ్రుడ్లు! అత్తగారేమియు ననలేదు. సూదిదారము తెచ్చి, పంకా మీటపై గుడ్డసంచి యొకటి తొడిగి కుట్టిరి. "ఎవరైనా దీని మీద చెయ్యి వేస్తే ఊరుకోను" అనిరి.

గ్రుడ్లు పిల్లలగుటకు పండ్రెండు దినములు, పిల్లలెగురుటకు మఱి పదునైదు దినములు. ఇంచుమించు నెలదినములు మే నెల యెండలో విసనకఱ్ఱలతో గడపితిమి. చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషి యొకరు చెమటలు తుడుచుకొనుచు మీటవైపు చేయి చాపగా, ఇంటిల్లిపాది నొక్కపెట్టున కేక వేసితిమి. ఆయన మఱల రాలేదు.

ఇంత పాటెందుకని మీరడుగవచ్చును. పెద్దపిచ్చుక గింజలు తినునుగాని, పసిపిల్లలకు పురుగులనే తినిపించును. పురుగుమందులు చల్లిన తోటలలో నా పురుగులు లేవు. సిమెంటుమేడలలో పెంకుటింటి వాసముల సందులు లేవు. అందుచే పలుపట్టణములలో పిచ్చుక లరుదైనవి. 2010 మొదలు ఏటేట మార్చి 20వ తేదీని పిచ్చుకల దినముగా జరుపుచున్నారు. ఢిల్లీ ప్రభుత్వము 2012లో పిచ్చుకను తన రాష్ట్రపక్షిగా ప్రకటించినది. మన యమ్మమ్మల నాట నడుగకయే యింట తిరిగిన పిట్టకు నేడొక పండుగదినము కావలసివచ్చెను!

ఒక ఉదయమున పిల్లలు మూడును కిటికీగుండ నెగిరిపోయినవి. అత్తగారే కుట్టు విప్పి పంకా వేసిరి. గాలి చల్లగానే యుండెను. ఇల్లు మాత్రము చిన్నబోయెను. కొయ్యపెట్టెలో నిప్పుడొక ఉడుత కాపురమున్నది.

సోదరీమణులారా! వచ్చు సంక్రాంతికి మీ వసారాలోను నొక కుచ్చు వ్రేలాడగట్టుడు. వేసవికి ముందే పంకాగిన్నె సందును గుడ్డతో మూయుడు. ఆపైని పిచ్చుకమ్మ తన కిష్టమైన చోట గూడు కట్టుకొనును. మన మిష్టము నామె యెన్నడు నడిగినది కనుక!