మీకు తెలుసా? రంగు మార్చే పొద, రంగు మార్చే పిట్ట

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో దారుల పక్కన అల్లుకునే లంటానా పొదకూ, 10 గ్రాములకు మించని ఊదా తేనెపిట్టకూ రంగు మార్చుకునే గుణం ఉన్నా, ఆ మార్పు జరిగే తీరు వేరు. అమెరికా ఉష్ణప్రాంతం నుంచి వచ్చి మన అడవి మొక్కలను అణచివేస్తున్న లంటానా గుత్తి నడుమ కొత్తగా విచ్చిన పసుపు పూలలో మకరందం ఉంటుంది. పుప్పొడి కీలాగ్రాన్ని చేరాక, అంటే పరాగసంపర్కం జరిగాక, ఆంథోసయనిన్ అనే వర్ణకం పేరుకొని అదే పువ్వు ఎరుపెక్కుతుంది కాబట్టి, సీతాకోకచిలుకలు ఎరుపెక్కిన అంచుపూలను వదిలి పసుపు పూలపైనే ఎక్కువగా వాలతాయి.

మగ తేనెపిట్ట నీలి మెరుపు అంతకన్నా విస్మయకరం: ఈకల్లోని అతిసూక్ష్మ నిర్మాణాలపై వెలుగు పడి పుట్టే ఆ నిగనిగ, సంతానోత్పత్తి కాలం ముగిసి ఈకలు రాలాక చాలావరకు మాయమై, పసుపు ఛాయ పొట్టపై గొంతు నుంచి దిగే నల్లని చార మిగులుతుంది.