కాలికి తగిన క్రాంకు

చెప్పు కాలికి తగినదై యుండవలెనని యెరుగనివారు లేరు. పెద్ద చెప్పును కొని, నడక కుదరలేదని పాదమును నిందించు ఇల్లాలు ఉండదు. కాని సైకిలు విషయమున మనము ఈ న్యాయమును పాటించుట లేదు. మోకాలు నొప్పిపెట్టినను, తుంటి పట్టివేసినను, “నాకు వయస్సు వచ్చినది, సైకిలు నాకు సరిపడదు” అనుకొని దానిని గోడకు చేరవేయుచున్నాము. దోషము కాలిది కాక సైకిలులోని ఒక చిన్న కడ్డీది కావచ్చునని మనకు తోచదు. ఆ కడ్డీని గురించియే నేడు మేము ముచ్చటింప దలచినాము.

మా ఆమదాలవలస రైలు స్టేషనుకు శ్రీకాకుళం రోడ్డు అని పేరు. రైలు దిగినవారు శ్రీకాకుళము చేరుటకు ఇంకను పది పన్నెండు కిలోమీటర్లు పోవలెను. కొలువునకో, కళాశాలకో, ఆసుపత్రికో ఆ దారిని నిత్యము పోవువారిలో స్త్రీలు అనేకులు. ఆటో నిండువరకు కాచుకొనక స్వతంత్రముగా పోగోరువారికి విద్యుత్ సైకిలు మంచి సాధనము. మోటారు శక్తి 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును మించక, నిబంధనలకు లోబడిన బండికి లైసెన్సు అక్కరలేదు. అందును మౌంటెన్ బైకు అను రకము లావు టైర్లు గలదగుటచే గతుకుల బాటలకును, కాలువగట్లకును అనుకూలము. అయితే ఈ రకపు బండ్లు పెక్కింటి కొలతలు పొడగరులైన పురుషులను దృష్టియందుంచుకొని చేయబడినవి. అన్నగారో, మరిదిగారో వాడి విడిచిన బండి యింటి ఆడవారి చేతికి వచ్చినప్పుడు ఈ చిక్కు మరింత తెలియవచ్చును.

పెడలును నడిమి ఇరుసుతో కలుపు చేయివంటి కడ్డీని క్రాంకు అందురు. ఇరుసు మధ్యమునుండి పెడలు మధ్యమువరకు గల దూరమే దాని పొడవు. క్రాంకు లోపలివైపున, పెడలు చెంత, 170 అనియో 175 అనియో అంకె తరచుగా అచ్చువేయబడి యుండును. అవి మిల్లీమీటర్లు. ఆరడుగుల పురుషునకును, అయిదడుగుల స్త్రీకిని ఒకే పొడవు క్రాంకు అమర్చుట ఇద్దరికిని ఒకే కొలత రవికె కుట్టించుట వంటిది.

పొడవు క్రాంకు వలన బాధ యెట్లు కలుగును? పెడలు పైకి వచ్చినప్పుడు మోకాలు మిక్కిలి ముడుచుకొనును, తొడ పొట్టవైపునకు లేచును. నిమిషమునకు అరువది మారులు త్రొక్కిన, గంటలో ఒక్కొక్క మోకాలు మూడువేల ఆరువందల సారులు అట్లు ముడుచుకొనవలెను. 170 క్రాంకు తీసి 155 క్రాంకు వేసితిమనుకొందము. పెడలు క్రిందికి దిగినప్పుడు 15 మిల్లీమీటర్లు తక్కువగా దిగును గనుక సీటును 15 మిల్లీమీటర్లు పైకెత్తవలెను. పైకి వచ్చినప్పుడు పెడలు 15 మిల్లీమీటర్లు తక్కువగా లేచును. ఈ రెండును కలిసి మోకాలికి 30 మిల్లీమీటర్ల, అనగా ఒక అంగుళమునకు పైబడిన, చోటు చిక్కును. మార్చినది అంగుళములో సగమునకు కొంచెమెక్కువ. లాభము దానికి రెట్టింపు.

“క్రాంకు పొట్టిదైన బలము తగ్గదా?” అని అడుగవచ్చును. అదే వేగమున, అదే గేరులో పోవుటకు పెడలుమీద సుమారు పదవవంతు ఎక్కువ ఒత్తవలసి వచ్చుట నిజమే. కాని ఒక గేరు తగ్గించి కొంచెము వడిగా త్రొక్కిన ఆ లోటు తీరును. విద్యుత్ సైకిలున కష్టములో భాగము మోటారు పంచుకొనును గావున ఆ లోటు కనుపింపనే కనుపింపదు. 2001వ సంవత్సరమున జిమ్ మార్టిన్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరురాలితో కూడి 120 మొదలు 220 మిల్లీమీటర్ల వరకు గల అయిదు పొడవుల క్రాంకులను పరీక్షించి ఫలితములను ప్రకటించెను. ఇంత వ్యత్యాసమున్నను గరిష్ఠశక్తిలో కలిగిన తేడా నూటికి నాలుగు పాళ్ళు మాత్రమే. 145, 170 క్రాంకులు రెండును మేలుగానే యున్నవి.

కొండదారులలో మరియొక మేలు కలదు. సీతంపేట కొండలవైపు రాతిబాటలలో పోవునప్పుడు క్రిందికి దిగిన పెడలు రాతికి తగిలి మనిషిని పడవేయుట సామాన్యము. మోటారు నెట్టుచున్న బండిమీద ఎగుడు బాటలో కూడ త్రొక్కుచునే పోవుదుము గనుక ఈ భయము హెచ్చు. పొట్టి క్రాంకు నేలకు అంత ఎత్తుగా తిరుగును.

క్రాంకులు కొనుటకు ముందు ఖర్చులేని చికిత్స యొకటి చేసి చూడుడు. మనలో ననేకులు ఆగినప్పుడు రెండు పాదములు నేల కానవలెనని సీటును మిక్కిలి క్రిందికి దించుకొందురు. మోకాలి నొప్పికి తరచుగా ఇదియే మూలము. సీటుమీద కూర్చుండి, పెడలు అట్టడుగున నున్నప్పుడు దానిపై మడమ నుంచిన కాలు సరిగా చాగవలెను. పాదపు ముందుభాగముతో త్రొక్కునప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగియుండును. ఆగునప్పుడు సీటునుండి ముందునకు దిగి ఒక పాదము నేలనానించుట అలవరచుకొనవలెను. పొట్టి క్రాంకు వేసిన సీటు ఇంకను ఎత్తవలసి యుండును గనుక ఈ అలవాటు లేనిదే దాని లాభము దక్కదు. సీటు సరిచేసినను పెడలు పైకి వచ్చినప్పుడే బాధ కలుగుచున్న, అప్పుడు క్రాంకును అనుమానింపవలెను. మోకాలు వాచినను, నడకలోను నొప్పియున్నను ముందు వైద్యునికి చూపవలెను.

ఎంత పొడవు క్రాంకు వలయును? తుంటి ఎముక మొదలు నేలవరకు గల కాలి పొడవులో అయిదవవంతు అనునది ఒక ఉజ్జాయింపు. 78 సెంటీమీటర్ల కాలికి 156 మిల్లీమీటర్లగును. 155 క్రాంకు చాలును.

కొనునప్పుడు ముందుగా ఇరుసు రకము చూడవలెను. చౌక విద్యుత్ సైకిళ్ళలో మోటారు సాధారణముగా వెనుక చక్రపు నడుమ నుండును. ఇరుసు కొన నలుచదరముగా నుండును. అట్టి బండికి మామూలు సైకిలు క్రాంకులే పట్టును గనుక పని కొన్ని వందల రూపాయలతో తీరును. పాతసామాను దుకాణములో మంచి జత దొరకిన ఇంకను మేలు. మోటారు పెడళ్ళ చెంతనే యున్న బండికి ఆ మోటారుకు తగిన క్రాంకులే కావలెను, అవి ఖరీదైనవి. కుడి క్రాంకుకు పళ్ళచక్రము రివిట్లతో బిగింపబడియున్న రెండును కలిపి మార్చవలసి వచ్చును. క్రొత్తదాని పళ్ళు పాతదానికన్న నాలుగైదు తక్కువైన ఎత్తులెక్కుట సులభము. అప్పుడు చైను కొంత కత్తిరింపవలెను. రెండు క్రాంకులును ఒకే పొడవు గలవై యుండవలెను. చీర కుచ్చెళ్ళు, చున్నీ చిక్కుకొనకుండ చైనుకు మూత అమర్చుట మరువరాదు.

బిగించుట సైకిలు షాపులో చేయించినను, దగ్గర నిలిచి చూచుకొనవలసిన సంగతులు కలవు. మొదట బ్యాటరీ తీసి ప్రక్కనుంచవలెను. కుడి పెడలు మామూలు మరవలెనే విప్పుకొనును. ఎడమ పెడలు మర తారుమారు, దానిని కుడివైపునకు త్రిప్పిన విప్పుకొనును. నడిమి బోల్టు తీసిన పిమ్మట క్రాంకును సుత్తితో కొట్టరాదు. క్రాంకు పుల్లరు అను పనిముట్టును చేతితో మరలన్నియు పట్టువరకు ఎక్కించి, తరువాత పానాతో త్రిప్పిన క్రాంకు ఊడివచ్చును. ఇరుసుమీద అయస్కాంతములు గల సన్నని బిళ్ళ యొకటి యుండవచ్చును. మీరు త్రొక్కుచున్నారని మోటారుకు తెలుపునది అదియే. దానిని తిరుగవేయక, వంచక, ఉన్నచోటనే యుంచవలెను. ఇరుసు తుడిచి క్రొత్త క్రాంకులు ఎదురెదురు దిక్కులకు వచ్చునట్లు పెట్టి బోల్టు గట్టిగా బిగింపవలెను. కొలిచి బిగించు పానా యున్న 35 మొదలు 40 న్యూటన్ మీటర్లు చాలును. నాలుగైదు రోజులు నడిపిన పిమ్మట మరల బిగుతు చూడవలెను. వదులు క్రాంకుతో నడిపిన దాని చదరపు రంధ్రము అరిగి పనికిరాకుండ పోవును.

ఒక్క చౌకబేరమునకు మాత్రము లోబడవలదు. ఉన్న క్రాంకుకే లోపలగా మరియొక రంధ్రము తొలిచి పెడలు బిగించెదమని కొందరు చెప్పుదురు. సన్నని అల్యూమినియపు క్రాంకు ఆ రంధ్రముచెంత విరిగిన, మిగిలిన రొక్కము ఆసుపత్రి పాలగును.

1991–92 ప్రాంతమున తమిళనాట పుదుక్కోట జిల్లాలో, కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహమున, అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు నేర్చిరి. స్త్రీల సైకిళ్ళు చాలినన్ని దొరకక పురుషుల సైకిళ్ళనే త్రొక్కిరి. వాహనము ఒదుగకున్నను వారు ఒదిగిరి. స్వేచ్ఛ అంత విలువైనది. నేడు మన మట్లు ఒదుగ నక్కరలేదు. పానా యొకటి, పుల్లరు యొకటి, కొన్ని వందల రూపాయలు, ఒక పూట శ్రమ యున్న వాహనమునే మనకు ఒదిగించుకొనవచ్చును. సోదరీమణులారా, గోడకు చేర్చిన సైకిలు మీ యింట నున్నయెడల దానిని తెగనమ్మక మునుపు క్రాంకు లోపలి అంకెను ఒక్కసారి చదువుడు.