వాగు ఒడ్డులు, మేతభూములు: మేపు యాజమాన్యం

ఈ విభాగం చదివాక మితిమీరిన మేపు వల్ల నీటి ఒడ్డులకు, బీళ్లకు జరిగే నష్టాన్ని, దాని నివారణ పద్ధతులను మీరు వివరించగలుగుతారు.

1. సమస్య స్వరూపం

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాలవే. వేసవిలో బీళ్లు ఎండిపోయాక పచ్చిక, నీడ, నీరు మూడూ ఒకేచోట దొరికేది వాగు ఒడ్డునే. మేతభూమిలో ఒడ్డు చిన్న భాగమే అయినా, మందల భారమంతా దానిపైనే పడుతుంది.

2. నష్టం జరిగే క్రమం

డెక్కల ఒత్తిడికి తడినేల గట్టిపడి వాననీరు ఇంకదు. తుంగ, గరిక నేలమట్టానికి మేసేస్తే, ఏరుమద్ది, నేరేడు మొలకలు తొక్కుడుకు చనిపోతే, గట్టును పట్టి ఉంచే వేళ్లు ఉండవు. గట్టు విరిగిన మట్టి వాగులో నుంచి చెరువులోకి చేరుతుంది. పూడిన చెరువు త్వరగా ఎండుతుంది. చివరకు నీటికి కటకటపడేది ఆ మందలే.

బీడులోనూ ఇదే వరస. గడ్డి ఆకులో సగానికి మించి పోతే వేరు పెరుగుదల మందగిస్తుంది. పశువులు ఇష్టపడే గడ్డి తగ్గి, అవి ముట్టని తంగేడు మిగులుతుంది. సర్కారు తుమ్మ కాయలు తిన్న పశువుల పేడ ద్వారా దాని విత్తనాలు కొత్త చోట్ల మొలుస్తాయి. మీ ఊరి బీడులో ఈ గుర్తులు ఉన్నాయేమో పరిశీలించండి.

3. యాజమాన్య పద్ధతులు

(అ) వంతుల మేపు: బీడును మూడు భాగాలు చేసి, ఏటా ఒక భాగాన్ని తొలకరి నుంచి విత్తనం రాలేవరకు వదిలేయాలి. మూడేళ్లలో ప్రతి భాగానికీ విరామం దొరుకుతుంది.

(ఆ) ఒడ్డుకు విరామం: వానాకాలంలో బీట్లో మేత ఉంటుంది కనుక, నేల తడిగా ఉన్నన్నాళ్లు మందలను ఒడ్డుకు తోలకూడదు.

(ఇ) నీటి తొట్లు: తొట్లను, ఖనిజ లవణ ఇటుకలను ఒడ్డుకు దూరంగా ఉంచితే మందలు అటు మళ్లుతాయి. వాగులోకి దిగడానికి రాళ్లు పరిచిన ఒక్క దారి చాలు.

4. ఎవరి నిర్ణయం?

ఒడ్డును పూర్తిగా మూసేస్తే, సొంత భూమి లేని కాపరికి దారే ఉండదు. అతడు రాత్రివేళ మందను తోలక తప్పదు, కంచె నిలవదు. కాబట్టి వంతులు, తేదీలు, తొట్ల స్థలాలు కాపరులతో కూర్చుని గ్రామసభలో నిర్ణయించాలి. ఏ మూల గడ్డి ఎప్పుడు లేస్తుందో వారికే బాగా తెలుసు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒడ్డు మేపుకూ, చెరువు పూడికకూ గల సంబంధాన్ని ఐదు వాక్యాల్లో రాయండి.