వానలేని దినము, కొలువని దినము

అనంతపురము పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో నున్నది. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే ఇచ్చట కురియును. వేరుసెనగ పైరు నిలుచుటయు ఎండుటయు కొద్ది జల్లులపై ఆధారపడి యుండును. కరువును నిర్ణయించుటలో వర్షపాతపు లెక్క ముఖ్యము. కనుక ఆ లెక్క కంప్యూటరు పట్టికలోని కెక్కు తీరు తెలిసికొనదగినది.

భారత వాతావరణ శాఖ పద్ధతిలో ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు, గడచిన 24 గంటల వానను కొలుతురు. ఆ కొలతను తెరమీది పత్రములో నింపి పంపినా రనుకొందము. అది 'మండలము = ఉరవకొండ, తేదీ = జులై 10, వేడిమి = 34, వాన = 12' అను పేరు–విలువల జంటలుగా చేరును. పైథాను భాషలో ఇట్టి కూర్పును 'డిక్షనరీ' యందురు.

1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన సంబంధ నమూనాలో దత్తాంశములు పట్టికలలో నుండును. పట్టికలో కొత్త అడ్డువరుసను చేర్చు ఆజ్ఞ 'ఇన్సర్ట్'. ఇందులో సాధారణముగా రెండు జాబితా లుండును: నిలువు వరుసల పేర్లు, వాటి విలువలు. రెండును ఒకే క్రమములో నుండవలెను. క్రమము తప్పినచో వేడిమి వాన గడిలో పడును. రెండును అంకెలే గనుక యంత్రము అభ్యంతరము చెప్పదు.

అందుచే ప్రోగ్రాము ముందుగా వచ్చిన పేర్లను తన జాబితాతో సరిచూచి, అందు లేనివానిని త్రోసివేయవలెను. పిమ్మట ప్రతి పేరునకు దాని విలువనే జతపరచవలెను. విలువలను ఆజ్ఞావాక్యములో అతికింపరాదు. వాటి చోట గుర్తులుంచి, విలువలను వేరుగా అందింపవలెను. లేనిచో, విలువకు మారుగా ఎవరైన ఆజ్ఞను వ్రాసి పంపిన, యంత్రము దానిని పాటింపవచ్చును. ఒక మండలమునకు ఒక తేదీన ఒక్క నమోదే యుండవలె నను నియమము పెట్టినచో, మీట రెండుమార్లు నొక్కినను 12 మి.మీ. వాన 24 కాదు.

అన్నిటికంటె సూక్ష్మమైనది సున్న. '0' అనగా కొలిచిరి, వాన లేదు. ఖాళీ యనగా కొలువనే లేదు. దీనిని పట్టికలో 'నల్' అను గుర్తుతో నుంచుదురు. మూడు దినముల విలువలు 12, 0, ఖాళీ యనుకొందము. సగటు కట్టునపుడు యంత్రము నల్‌ను విడిచి, 12ను రెంటితో భాగించి 6 అని చెప్పును. ఖాళీని సున్నగా వ్రాసినచో సగటు 4 అగును. కొలువని దినమున వాన కురిసియున్నను, కురియనట్లే లెక్కకు వచ్చును.

దీనికి విపరీతమైన పొరపాటును కలదు. పి.హెచ్.పి. భాషలోని 'ఎంప్టీ' అను పరీక్ష సున్నను గూడ ఖాళీగానే యెంచును. దానినే నమ్మి నల్ వ్రాసినచో, వానలేని దినములన్నియు కొలువని దినములుగా మారును. పొలములోని కరువు పట్టికలో కానరాదు. కావున విలువ రాలేదా, లేక సున్నయే వచ్చినదా యని ప్రోగ్రాము విడివిడిగా అడిగి తెలిసికొనవలెను.