పొడిచర్మము - దాని సంరక్షణ

మార్గశిర, పుష్య మాసములలో నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతములందు చలిగాలికి చేతులు, కాళ్ళు తెల్లబారుటయు, మడమలు పగులుటయు సర్వసాధారణము. ఇది మురికి వలన కలిగినదని తలచి పలువురు మరుగునీటితో, బట్టల సబ్బుతో, గరుకురాతితో తోముకొందురు. దానివలన పొడి తగ్గకపోగా మరింత హెచ్చును. ఇందలి కారణమును పంచాయతీ సభ్యులు గ్రహించినచో గ్రామస్థులకు మేలైన సలహా నీయగలరు.

చర్మముపై నుండు మిత్రులు

చర్మపు పైపొర రాళ్ళ నడుమ సున్నము పెట్టి కట్టిన గోడ వంటిది. కణములు రాళ్ళు, వాని నడుమ నుండు క్రొవ్వు సున్నము. సున్నము రాలినచో లోపలి తేమ వెలుపలికి పోవును.

ఈ గోడపై కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది నివసించుచున్నవి. అవి యన్నియు రోగకారకములు కావు. 2007వ సంవత్సరమున అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు మానవ శరీరమునందలి సూక్ష్మజీవులను గూర్చి విస్తృత పరిశోధన ప్రారంభించినవి. స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అను జీవి హానికర క్రిములను అడ్డగించుననియు, చర్మమునకు వలసిన క్రొవ్వు తయారగుటకు తోడ్పడుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

చర్మము కొంచెము ఆమ్లగుణము కలది. పి.హెచ్. అను కొలతలో అది 5 ప్రాంతమున నుండును. సబ్బు క్షారము, దాని కొలత 9 లేక 10. సబ్బు అతిగా వాడినచో క్రొవ్వు కరగి, మిత్రజీవులకు అనువైన స్థితి చెడును. బోరుబావుల కఠినజలములో సబ్బు నురుగక, తెట్టుగా చర్మమునకు అంటుకొనును. అప్పుడు దురద పుట్టును. గోకినచోట హానికర క్రిములు చేరి పుండ్లు పడును.

చేయవలసిన పనులు

గోరువెచ్చని నీటితో త్వరగా స్నానము ముగింపవలెను. స్నానపు సబ్బును చంకలు, గజ్జలు, పాదములకు మాత్రమే వాడిన చాలును. ఒడలు అద్దినట్లు తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె పలుచగా రాయవలెను. మడమలు పగిలినవారు రాత్రి పాదములను కొంతసేపు నీటిలో నాననిచ్చి, తుడిచి, నూనె గాని వాసెలిన్ గాని పూయవలెను. సూక్ష్మజీవుల పేరు చెప్పి విక్రయించు ఖరీదైన లేపనములకై వ్యయపడ నక్కరలేదు.

ఒక హెచ్చరిక

పాలిపోయిన లేక ఎర్రని మచ్చ యేర్పడి, అచ్చట స్పర్శ తెలియనిచో అది వట్టి పొడి యని ఉపేక్షింపరాదు. అది కుష్ఠు కావచ్చును. దానికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో మందులు ఉచితము. చికిత్స సాధారణముగా 6 లేక 12 మాసములు. ప్రారంభములోనే చికిత్స పొందినవారికి అంగవైకల్యము రాకుండ నివారింపవచ్చును. మందు మొదలిడిన స్వల్పకాలములోనే ఇతరులకు సోకు భయము తొలగును.

సభ్యులు ఈ విషయములను గ్రామసభలో తెలుపవలెను. భయముచే, సిగ్గుచే మచ్చను దాచుకొనువారి ఇంటికి ఆశా కార్యకర్తతో కూడ వెళ్ళి, ధైర్యము చెప్పి, వైద్యుని వద్దకు వెంటబెట్టుకొని పోవలెను. సకాలములో చేయు ఈ చిన్న సాయము ఒక కుటుంబపు జీవనాధారమును నిలుపగలదు.