స్కాట్లాండు దీవి – ఏలూరు అన్నదమ్ములు



స్కాట్లాండు గురించి జి.కె.లో అడిగితే మనందరం ఒకటే చెప్తాం. రాజధాని ఎడింబరో, మగవాళ్ళు కిల్టు అనే గళ్ళ పావడా కడతారు, బ్యాగ్‌పైపు ఊదుతారు. క్విజ్‌కి అది చాలు. కాని ఆ దేశానికీ, మన ఆగిరిపల్లికి దగ్గర్లోనే ఉన్న ఏలూరుకీ ఒక సంబంధం ఉంది. అది మనలో చాలామందికి తెలీదు. అందుకే ఈసారి గోడపత్రికకి దాన్నే ఎంచుకున్నాను.

మ్యాపులో బ్రిటన్ పైభాగమే స్కాట్లాండు. దానికి పడమటి వైపు సముద్రంలో లూయిస్ అనే దీవి ఉంది. అక్కడ పెద్ద ఊరు స్టోర్నోవే. గాలి బాగా ఎక్కువ, చెట్లు తక్కువ. జూన్ నెలలో రాత్రి పది దాటినా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. స్టడీ అవర్‌కి ముందే చీకటన్నమాట!

చెట్లు లేకపోతే వంటచెరకు ఎట్లా? వాళ్ళు నేలనే తవ్వి కాలుస్తారు. బురదనేలల్లో వేల ఏళ్ళ నుంచి కుళ్ళిన గడ్డి, నాచు నల్లగా గడ్డకట్టి ఉంటుంది. దాని పేరు పీట్. మనకి మే నెలలో మామిడికాయలు కోసే పని ఉన్నట్టు వాళ్ళకి ఆ రోజుల్లో పీట్ కోసే పని. ఇటుకల్లాగా కోసి, ఎండబెట్టి, చలికాలానికి ఇంటి పక్కన పేర్చుకునేవారు. ఇప్పుడు కరెంటు, గ్యాసు వచ్చాక అది తగ్గింది. పాతకాలం ఇళ్ళకి మందమైన రాతిగోడలు, పైన గడ్డికప్పు. ఇంటి మధ్యలో పొయ్యి, పొగగొట్టం ఉండదు. ఒక పక్క మనుషులు, ఒక పక్క పశువులు, అందరికీ ఒకటే కప్పు. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి ఇల్లే గుర్తొచ్చింది. మా కప్పు లోపల కూడా పొగచూరి నల్లగా ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళందరూ మేడల్లో పుట్టారని నేననుకునేదాన్ని. పైగా స్కాట్లాండువాళ్ళని ఇంగ్లీషువాళ్ళు అంటే వాళ్ళకి కోపం వస్తుందంట!

ఈ స్టోర్నోవేలోనే 1754లో కాలిన్ మెకంజీ పుట్టాడు. 1783లో ఓడెక్కి మద్రాసు వచ్చి కంపెనీ సైన్యంలో చేరాడు. మళ్ళీ ఎప్పుడూ సొంత దేశానికి పోలేదు. 1821లో ఇక్కడే చనిపోయాడు. ఆయన పని భూములు కొలవడం, మ్యాపులు గీయడం. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కొలతలు కంపెనీకి కావాలి. దేశాన్ని ఏలడానికే కదా కొలిచేది! అది మనం మర్చిపోకూడదు. కాని ఆయన కొలతలతో ఆగలేదు. ఏ ఊరికి ఆ పేరెందుకు వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టారు, ఏ రాజులు ఏలారు అని ఊరూరా అడిగించి రాయించాడు. వాటినే కైఫీయతులు అంటారు. అమరావతి స్తూపం రాళ్ళకి 1816లో బొమ్మలు గీయించాడు. తర్వాత చాలా రాళ్ళు పోయినా బొమ్మలు మిగిలాయి.

ఇంతా చేసి ఆయనకి మన భాషలు సరిగ్గా రావు! మరి ఎవరు చేశారు? ఏలూరుకి చెందిన కావలి అన్నదమ్ములు – వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి. బొర్రయ్యకి చాలా భాషలు వచ్చు. కరణాలతో, పూజారులతో మాట్లాడి, పాత కవిలెలు చూసి, శాసనాలు చదివి రాసుకునే పద్ధతి పెట్టింది ఆయనే. 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. రామస్వామి దక్కను కవుల గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసి 1829లో అచ్చు వేయించాడు. మెకంజీ పోయాక ఆయన సేకరించినవన్నీ ప్రభుత్వం లక్ష రూపాయలకి కొన్నది. మిగిలిన పని నేను చేస్తానని లక్ష్మయ్య అడిగితే కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీవారు ఒప్పుకోలేదు. అన్నేళ్ళు చేసినవాడికే ఇవ్వలేదు! ఇప్పటికీ ఆ కాగితాలని మెకంజీ కైఫీయతులనే అంటారు. కావలి కైఫీయతులు అని కూడా అనాలని నా అభిప్రాయం.

ఇప్పుడు భాష సంగతి. లూయిస్ దీవివాళ్ళ భాష గేలిక్. అది ఇంగ్లీషు కాదు. అందులో నీళ్ళని ఉష్గె అంటారు. విస్కీ అనే మాట దాన్నుంచే పుట్టింది (వార్డెన్ మేడమ్ గారు క్షమించాలి, ఇది జనరల్ నాలెడ్జే). 1872లో అందరూ బడికి పోవాలని అక్కడ చట్టం వచ్చింది. అందులో గేలిక్ ఊసే లేదు. బళ్ళలో గేలిక్ మాట్లాడిన పిల్లల్ని కొట్టేవాళ్ళు, మెడలో కర్ర కట్టేవాళ్ళు అని పెద్దవాళ్ళు చెప్పినవి ఉన్నాయి. ఇంట్లో కూడా ఆ భాష తగ్గిపోయింది. తర్వాత 1951లో ఎడింబరో యూనివర్సిటీలో ఒక విభాగం పెట్టి, టేపు రికార్డర్లు మోసుకుని ముసలివాళ్ళ ఇళ్ళకే పోయి పాటలు, కథలు రికార్డు చేశారు. 2025లో చేసిన చట్టంతో గేలిక్‌కి అధికార హోదా వచ్చింది.

మా కోయలో నీళ్ళని ఏరు అంటాం. నేను రెండో తరగతిలో ఒక బడిలో దాహమేసి "ఏరు" అని అడిగితే, ఏరు ఊరి బయట ఉంది పో అని అందరూ నవ్వారు. సాయంత్రం దాకా నీళ్ళు తాగలేదు. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే. మా అవ్వ చెప్పేవి రాసిపెట్టడానికి ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ అక్షరాలు రావు. మా గూడెం దగ్గరికి బొర్రయ్యలాంటివాళ్ళు ఎవరూ వచ్చినట్టు అవ్వకి తెలీదు. పోయిన సెలవుల్లో నేనే మొదలుపెట్టాను. మా గూడేనికి పేరెట్లా వచ్చింది, ముందు ఎన్ని ఇళ్ళు ఉండేవి, భూమి పండగ ఎట్లా చేసేవాళ్ళు అని అడిగి పదకొండు పేజీలు రాశాను. అవ్వ కోయలోనే చెప్పింది, నేను తెలుగు అక్షరాల్లో కోయలోనే రాశాను. కొన్ని శబ్దాలకి అక్షరం కుదరక గీత గీసి పెట్టాను.

మన హాస్టల్లో లంబాడీ, యానాది, ఎరుకల, కొండరెడ్డి అక్కలు, చెల్లెళ్ళు ఉన్నారు. పండక్కి ఇంటికి పోయినప్పుడు మీ ఊరి పేరు సంగతి అడిగి రాసుకు రండి. చిన్న పేజీ అయినా పరవాలేదు. ఆగిరిపల్లి పేరు సంగతి శోభనాచలం గుడి దగ్గర పెద్దవాళ్ళని నేను అడుగుతాను. తర్వాతి గోడపత్రికలో అన్నీ కలిపి అంటిద్దాం.

– 9వ తరగతి విద్యార్థిని