గర్భిణి పళ్లెం, బిడ్డ ఆరోగ్యం

మా వెంకటాచలం పరిసరాలలో గర్భిణి అయిన కోడలు సైతం అందరికీ వడ్డించి, చివరకు మిగిలినదానితో సరిపెట్టుకోవటం మేము చూస్తూనే ఉన్నాము. ఆ పళ్లెంలోని కొరత పుట్టబోయే బిడ్డను కూడా తాకుతుంది.

మన కణాలన్నింటిలో దాదాపు ఒకే డీఎన్ఏ ఉన్నా, కన్ను కన్నుగానూ కాలేయం కాలేయంగానూ రూపొందుతాయి. ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో నిర్దేశించే ఏర్పాట్లలో మిథైలేషన్ ఒకటి. డీఎన్ఏపై తగినచోట మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు పడితే, సాధారణంగా ఆ జన్యువు మౌనం వహిస్తుంది. వయసుతో ఈ గుర్తులు మారుతాయి; క్యాన్సర్‌లో తారుమారవుతాయి. వీటికి ఫోలేట్, బీ12 విటమిన్లు అవసరం.

1944-45 నాటి హాలెండ్ కరువులో గర్భస్థులైన వారిని ఆరు దశాబ్దాల తరువాత పరీక్షించారు. తల్లి కడుపున పడిన తొలినాళ్లలోనే కరువు తాకినవారిలో, పెరుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్2 జన్యువుపై ఈ గుర్తులు తోబుట్టువులకంటే తక్కువగా కనిపించాయి.

మన హైదరాబాదు సమీపంలో 1987-90 మధ్య 29 గ్రామాలలో జరిగిన అధ్యయనం మిథైలేషన్‌ను కొలవలేదు. అయినా గర్భిణులకు, పసివారికి అదనపు ఆహారం అందిన గ్రామాల పిల్లలు కౌమారంలో సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు పెరిగారు. వారిలో ఇన్సులిన్ మెరుగుగా పనిచేసింది.

కనుక ఆకుకూర, పప్పు, పాలు, గుడ్డు, చేప గర్భిణికే ముందుగా వడ్డించుదాము. వైద్యులిచ్చిన ఫోలిక్ మాత్రను మరువనీయకుందాము.